‘ఇమ్మనుజేశ్వరాధముల’ పద్యాన్ని లోతుగా చదవడం ఎలా?

బమ్మెర పోతన పేరు ఎత్తగానే ఓరుగల్లు ప్రాంతంలో ఎవరో ఒకరు అందుకునే పద్యం ఇది. బడి పోటీల్లో పిల్లలు గొంతెత్తి చదువుతారు. సాహిత్య సభల్లో వక్తలు ఉదాహరిస్తారు. ఆ వెంటనే ‘రాజులను ధిక్కరించిన కవి’ అన్న మాటతో విషయం ముగిసిపోతుంది. ఆ మాటలో తప్పు లేదు. కానీ అక్కడే ఆగితే పద్యంలో సగం చేజారిపోతుంది. పోతన ఏది ఎంచుకున్నాడో అందరికీ తెలుసు, తన భాగవతాన్ని రాజులకు కాక హరికి అంకితమిచ్చాడు. ఎలా ఎంచుకున్నాడు, ఎంచుకునే ముందు దేన్ని ఎంత దూరం ఆలోచించాడు అన్నవి కూడా ఈ నాలుగు పాదాల్లోనే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా బయటికి తీసే పద్ధతి చెప్పడమే ఇక్కడి పని.

ఇంటర్, డిగ్రీ విద్యార్థులకూ, తరగతిలో ఈ పద్యం చెప్పాల్సిన ఉపాధ్యాయులకూ, ఇంట్లో భాగవతం చదువుకునేవారికీ ఈ పద్ధతి పనికొస్తుంది. ఛందస్సు తెలియకపోయినా ఫరవాలేదు. ఒక తెల్ల కాగితం, పెన్సిలు, మంచి నిఘంటువు ఉంటే చాలు.

పద్యాన్ని మీ చేత్తో రాసుకోండి

ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి పురంబులు వాహనంబులున్
సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని చొక్కి శరీరము వాసి కాలుచే
సమ్మెట వ్రేటులం బడక సమ్మతితో హరి కిచ్చి చెప్పె నీ
బమ్మెర పోతరాజొకఁడు భాగవతంబు జగద్ధితంబుగన్

ఇది ఉత్పలమాల. భాగవతం మొదటి స్కంధం పీఠికలో ఉంది. కొన్ని ప్రతుల్లో ‘వ్రేటులం’ అన్నచోట ‘వాటులం’, ‘పోటులం’ అన్న పాఠాలు కనిపిస్తాయి. మీ పుస్తకంలో ఏది ఉంటే అదే రాసుకోండి, మిగతా రెండు పక్కన గుర్తు పెట్టుకోండి. అర్థంలో పెద్ద తేడా రాదు. అయినా ఒక పద్యం చేతిరాత ప్రతుల నుంచి అచ్చు దాకా ఎన్ని చేతులు దాటి వచ్చిందో ఈ చిన్న తేడాలే చెబుతాయి. పాత ముద్రణలు చూడాలనుకునే వారు హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయానికి వెళ్లి అడిగి చూడవచ్చు.

రాసుకున్నాక రెండు రకాలుగా పైకి చదవండి. మొదట లయ కోసం, ఏ పాదానికి ఆ పాదం ఆపుతూ. తర్వాత అర్థం కోసం, పాదం చివర ఆగకుండా. రెండో చదువులో ‘కాలుచే సమ్మెట వ్రేటులం బడక’ ఒక ఊపులో రావాలి. ‘చెప్పె నీ బమ్మెర పోతరాజొకఁడు’ మరో ఊపులో రావాలి. పాదం చివర ఆగే అలవాటే ఈ పద్యం తప్పుగా అర్థం కావడానికి మొదటి కారణం. రెండో పాదం ‘కాలుచే’ దగ్గర ఆగితే వినేవారికి కాలితో తన్నడమే గుర్తొస్తుంది.

పదాలు విడదీయండి

ప్రతిపదార్థం బట్టీ పట్టకుండా, మీరే విడదీసి చూడండి. తడబడే చోట్లు కొన్నే ఉన్నాయి.

‘ఇమ్మనుజేశ్వరాధములకు’ అంటే ఈ, మనుజేశ్వర, అధములకు. ‘ఈ’ మీద త్రిక సంధి జరిగి ‘ఇమ్మనుజ’ అయింది. మనుజేశ్వరులు రాజులు. ‘కాలుచే’లో ఉన్నది కాలు కాదు, కాలుడు, అంటే యముడు. ‘శరీరము వాసి’ అంటే దేహాన్ని విడిచి. సమ్మెట అంటే కమ్మరి వాడే పెద్ద సుత్తి. ‘సమ్మతితో’ అంటే మనసు ఒప్పి, ఇష్టపూర్వకంగా. ‘జగద్ధితంబుగన్’ అంటే జగత్తుకు హితమయ్యేలా. ‘ఒకఁడు’ అంటే ఒకడే, ఒకానొకడు. ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టు కవి తన గురించి తానే చెప్పుకుంటున్నాడు.

‘అధముల’ అన్న చోట కాస్త ఎక్కువసేపు ఆగాలి. ‘మనుజేశ్వరాధములు’ సమాసాన్ని రెండు రకాలుగా విడదీయవచ్చు. రాజులలో అధములైనవారు అని ఒకటి. రాజులనే అధములు అని ఇంకొకటి. మొదటి దాని ప్రకారం కవి చెడ్డ పాలకులనే తిట్టాడు. రెండోదాని ప్రకారం రాజరికాన్నే తిట్టాడు. సభల్లో ఎక్కువగా వినిపించేది రెండోది. నేను మొదటి వైపు మొగ్గుతాను. దానికి కారణం ఇదే పుస్తకంలో ఉంది. ఎనిమిదో స్కంధంలో వామనుడికి దానమివ్వవద్దని శుక్రాచార్యుడు వారిస్తే బలి చక్రవర్తి ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే’ అంటూ జవాబిస్తాడు. పదో తరగతిలో ‘దానశీలం’ పాఠం చదివినవారికి ఇది గుర్తుండే ఉంటుంది. ఎందరో రాజులయ్యారు, రాజ్యాలేలారు, గర్వించారు, వారంతా ఏరీ, సిరిని మూటగట్టుకుని పోగలిగారా అని అడుగుతాడు బలి. అడిగినవాడు కూడా రాజే. ఇచ్చిన మాట కోసం రాజ్యం పోయినా సరేనన్న రాజును అంత ఎత్తున నిలబెట్టిన కవికి రాజులందరి మీదా ద్వేషం ఉందనడం కష్టం. పద్యం మొదట్లోనే ఉన్న ‘ఈ’ కూడా గమనించండి. కవి వేలు పెట్టి చూపిస్తున్నాడు. తన కళ్ల ముందున్న వారిని గురించి మాట్లాడుతున్నాడు.

క్రియల కింద గీతలు గీయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. తొందరపడకండి.

పద్యంలో క్రియలు మాత్రమే ఏరండి: ఇచ్చి, పుచ్చుకొని, చొక్కి, వాసి, పడక, ఇచ్చి, చెప్పెన్. వీటిలో సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, ఒక్కటే, చెప్పెన్. మిగతావన్నీ అసమాపకాలు. వాటిలో వ్యతిరేకార్థం ఉన్నది ఒక్క ‘పడక’ మాత్రమే.

ఆ ‘పడక’ చేసే పని చూడండి. ‘పట్నం వెళ్లి, అప్పు చేసి, ఇబ్బంది పడకుండా ఊళ్లోనే ఉన్నాడు’ అని ఎవరైనా అంటే ఏమర్థమవుతుంది? అతను పట్నం వెళ్లలేదు, అప్పూ చేయలేదు. చివర వచ్చిన ‘పడకుండా’ వెనక్కి వెళ్లి ముందున్న పనులన్నిటినీ జరగనివిగా చేసేస్తుంది. ఈ పద్యంలోనూ అంతే. రాజులకు ఇవ్వడం, ఊళ్లు పుచ్చుకోవడం, చొక్కడం, దేహం విడవడం, దెబ్బలు తినడం ఇవేవీ జరగలేదు. జరగలేదన్న సంగతి మూడో పాదం మొదట్లో గాని తెలియదు. అంతవరకూ వింటున్నవారికి కవి రాజులకే ఇచ్చేశాడేమో అనిపిస్తుంది.

ఇప్పుడు పాదాలు కొలవండి. నాలుగు పాదాల పద్యంలో దాదాపు రెండున్నర పాదాలు కవి బతకని బతుకు గురించే. తాను ఎంచుకున్న దారికి మిగిలిన చోటు ఒకటిన్నర పాదమే, అందులోనూ క్రియలు రెండే: ఇచ్చి, చెప్పె. రాజుల దారి మాత్రం చివరికంటా నడిచి చూపించాడు. ఇస్తే ఏమి వస్తుంది, వచ్చాక మనసు ఏమవుతుంది, మనసు అలా అయ్యాక చావు ఎలా ఉంటుంది, చావు తర్వాత ఏముంది. మెట్టు మెట్టుగా, ఒక్కో క్రియకు ఒక్కో అడుగు. ఎంపిక గురించి ఈ పద్యం నేర్పేదాంట్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. కాదనుకున్న దారిని మొదట్లోనే చెడ్డదని తోసిపుచ్చలేదు. దాని చివర ఏముందో చూశాకే కాదనుకున్నాడు.

ఆంగ్ల పాఠాల్లో రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ‘ది రోడ్ నాట్ టేకెన్’ చదివిన విద్యార్థులకు ఇక్కడ ఒక పోలిక తట్టకమానదు. 1915లో అచ్చయిన ఆ కవితలో ఒక బాటసారి అడవిలో రెండు దారులు చీలిన చోట నిలబడతాడు. ఒక దారి మలుపు తిరిగేదాకా చూసి రెండోది పడతాడు. రెండు దారులూ ఇంచుమించు ఒక్కలాగే అరిగి ఉన్నాయని తానే చెబుతాడు. అయినా ఎన్నో ఏళ్ల తర్వాత, తక్కువ మంది నడిచిన దారి పట్టాననీ అదే తన జీవితాన్ని మార్చిందనీ నిట్టూరుస్తూ చెప్పుకుంటానంటాడు. అతని చూపు మలుపు దగ్గర ఆగిపోయింది కాబట్టే ఆ నిట్టూర్పు మిగిలింది. పోతన చూపు మలుపు దాటి, ఊరు దాటి, మరణం దాటి వెళ్లింది. అందుకే ఈ పద్యంలో నిట్టూర్పు లేదు. ఏది గొప్ప అని తూకం వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. రెండు కవితలూ పక్కపక్కన పెట్టి చదివితే దేని స్వభావమేమిటో స్పష్టంగా తెలుస్తుంది.

ఒక్క మాటను పట్టుకుని పుస్తకమంతా వెతకండి

‘చొక్కి’ అన్న మాటకు నిఘంటువులో పరవశించు, మైమరచు వంటి అర్థాలు ఉంటాయి. కొందరు ఇక్కడ ‘సొలసి’ అని చెబుతారు. రాజులిచ్చిన సుఖాలతో అలసిపోయి చనిపోవడమా, ఆ సుఖాల్లో ఒళ్లు మరిచి చనిపోవడమా? నిఘంటువు తేల్చలేని ఇలాంటి చోట ఆ కవే ఆ మాటను ఇంకెక్కడ, ఎలా వాడాడో చూడాలి.

ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు చెప్పిన ‘మందార మకరంద మాధుర్యమునఁ దేలు’ సీసం తీయండి. మూడో పాదంలో ‘లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు కోయిల చేరునే కుటజములకు’ అని ఉంది. లేత మామిడి చిగుళ్లు తిని చొక్కే కోయిల కొండమల్లె చెట్ల దగ్గరికి పోతుందా అని ప్రశ్న. ఇక్కడ చొక్కడం అలసిపోవడం కానే కాదు, పరవశించడమే. అదే అర్థం మన పద్యానికీ చక్కగా అతుకుతుంది.

ఇక్కడొక విషయం బయటపడుతుంది. కోయిల చొక్కితే కవికి ముచ్చట. రాజుల సొమ్ముతో మనిషి చొక్కితే చివరికి సమ్మెట దెబ్బలు. పోతనకు పరవశం మీద కోపం లేదు. ఆ సీసం చివర భక్తుడి మనసును కూడా ‘విశేష మత్త చిత్తము’ అనే అన్నాడు. ఎంపిక సుఖానికీ కష్టానికీ మధ్య కాదు, దేనికి పరవశించాలన్న దాని మధ్య. పోతన అంటే పేదరికాన్ని కోరి తెచ్చుకున్నవాడన్న చిత్రం మన మనసుల్లో గట్టిగా నాటుకుపోయింది. ఈ ఒక్క మాట ఆ చిత్రాన్ని సరిచేస్తుంది.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తెలుగు భాగవతమంతా పోతన చేతిదే కాదు. ఐదో స్కంధం గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ పూర్తిచేశారు. పోతన వాడుక కోసం చూస్తున్నప్పుడు ఆ స్కంధాలను సాక్ష్యంగా తీసుకోకూడదు.

ప్రాసనూ యతినీ అర్థంలో భాగంగా చూడండి

ప్రతి పాదంలో రెండో అక్షరం చూడండి. ఇమ్మ, సొమ్ము, సమ్మె, బమ్మె. ప్రాస ‘మ్మ’కారం. పద్యంలో ముందు ఏ మాట స్థిరపడి ఉంటుందని ఆలోచిస్తే నాకు బమ్మెరే అనిపిస్తుంది. మిగతా మూడు మాటలకూ బదులు మాటలు దొరకవచ్చు, ఊరి పేరుకు బదులుండదు. అలాగైతే రాజుల నుంచి సొమ్ముల నుంచి సమ్మెట దాకా పద్యమంతా ఆ ఊరి పేరు మీద కట్టిందే. ఇది నా ఊహ. మీరు ఒప్పుకోకపోయినా, నాలుగో పాదానికి వచ్చేసరికి ఆ పేరు ఎంత గట్టిగా పలుకుతుందో చెవికి తెలుస్తుంది. పురాలు వద్దన్న కవి తన పేరు ముందు తన పురాన్ని పెట్టుకున్నాడు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో బమ్మెర ఇప్పటికీ ఉంది. పోతన సమాధి అని ఊరివారు ఒక చోటు చూపిస్తారు.

ఇక మూడో పాదం యతి. ‘సమ్మెట’తో మొదలైన పాదం యతి స్థానంలో, అంటే పాదం మొదటి అక్షరానికి జత కుదరాల్సిన చోట, ‘సమ్మతి’ దగ్గర నిలుస్తుంది. రెండు మాటలూ ఒకే ధ్వనితో మొదలై ఎదురెదురు దిక్కులకు పోతాయి. కొలిమి దగ్గర పని చూసినవారికి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఒకరు ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో దాగలి మీద అదిమి పట్టుకుంటారు, ఇంకొకరు రెండు చేతులా సమ్మెట ఎత్తి వేస్తారు. దెబ్బ ఎక్కడ పడాలో, ఎన్ని పడాలో ఇనుము చేతిలో లేదు. కోనసముద్రం వంటి ఊళ్లు ఉక్కుకు పేరుపడిన ఉత్తర తెలంగాణలో ఈ మాట వినేవారికి కొత్తది కాదు. ఎవరి ఇష్టంతోనూ పనిలేని దెబ్బ ఒకవైపు, తన ఇష్టంతో తానే ఇవ్వడం ఇంకోవైపు. పద్యం మొత్తం ఆ పాదం మధ్యలోనే మలుపు తిరుగుతుంది.

‘కొన్ని’ అన్న చిన్న మాటను కూడా వదలకండి. పురాలు, వాహనాలు, సొమ్ములు అని వరుసగా పేర్చుకుంటూ వచ్చి ‘కొన్ని’ అన్నాడు. ఎంత తెచ్చి పోసినా అది కొన్నే.

కథను పద్యం నుంచి వేరుగా పెట్టండి

పోతన చుట్టూ మనకు ఎన్నో కథలున్నాయి. రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతాన్ని తనకు అంకితమిమ్మన్నాడనీ, పోతన కాదంటే గ్రంథాన్ని పాతిపెట్టించాడనీ ఒక కథ. శ్రీనాథుడు పోతనకు బావమరిది అనీ, రాజాశ్రయానికి రమ్మని ఒత్తిడి చేశాడనీ ఇంకో కథ. సరస్వతీదేవి కన్నీరు పెడితే కవి ఓదార్చాడన్న ‘కాటుక కంటినీరు’ పద్యం, కావ్యకన్యను దుష్టులకిచ్చి ఆ కూడు తినడం కంటే నాగలి దున్నుకోవడం మేలన్న ‘బాలరసాలసాల’ పద్యం చాటువులుగా ప్రచారంలో ఉన్నాయి. అవి భాగవతంలోనివి కావు.

ఇవన్నీ అందమైనవే, ప్రజలు తమ కవిని ఎలా ప్రేమించారో చెప్పేవే. పిల్లలకు కథలుగా చెప్పండి, నష్టం లేదు. వ్యాఖ్యానం రాసేటప్పుడు మాత్రం పక్కన పెట్టండి. మన పద్యంలో ఏ రాజు పేరూ లేదు. పొలం దున్నిన ప్రస్తావన లేదు. అడిగినట్టు, బెదిరించినట్టు ఒక్క మాట లేదు. కథను పద్యంలోకి ఎక్కిస్తే ఇది ఒక రాజుతో పడిన తగాదాగా కుంచించుకుపోతుంది. ‘భోగినీ దండకం’ అనే చిన్న కృతి పోతనదేననీ, అది సింగభూపాలుడికి సంబంధించినదనీ కొందరు పండితులు, కాదని మరికొందరు వాదిస్తారు. అది నిజంగా పోతనదే అయితే ఈ పద్యానికి మరో రంగు వస్తుంది. అప్పుడు రాజాస్థానపు రుచి తెలిసిన మనిషి మాటగా దీన్ని చదవాలి. తేలని విషయం కాబట్టి దాని మీద వ్యాఖ్యానాన్ని నిలబెట్టకండి. పోతనది ఒంటిమిట్టా, ఓరుగల్లా అన్న వాదన కూడా అంతే. పద్యం అర్థానికి అది అడ్డురాదు.

పద్యంలో లేకపోయినా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ రోజుల్లో అంకితం అంటే ఏమిటి? అచ్చు లేదు, అమ్మకాలు లేవు. కావ్యాన్ని ఒకరికి కృతిగా ఇవ్వడమే కవికి జీవనోపాధి. కృతిని కన్యగా, పుచ్చుకున్నవాడిని కృతిభర్తగా చెప్పడం మన సంప్రదాయం. పిల్లనిచ్చారు అని ఇప్పటికీ అంటాం కదా, ‘ఇచ్చి’లో ఆ బరువంతా ఉంది. ప్రతిఫలం కూడా కవి ఊహించి చెప్పింది కాదు. పోతన తర్వాతి కాలంలో కృష్ణదేవరాయలు తనను ఏనుగు మీదికి ఎక్కించుకున్నాడనీ, కోకట మొదలైన అగ్రహారాలు ఇచ్చాడనీ అల్లసాని పెద్దన చెప్పుకున్నాడు. పురాలు, వాహనాలు, సొమ్ములు. పోతన పేర్చిన జాబితా అక్షరాలా అదే.

కాలం కూడా కాస్త గుర్తుంచుకోండి. 1323లో కాకతీయ రాజ్యం కూలాక ఓరుగల్లు చేతులు మారుతూ వచ్చింది. పోతన కాలమైన 15వ శతాబ్దంలో రాచకొండ పద్మనాయకులు, బహమనీలు, ఒడిశా గజపతులు ఈ నేల కోసం పోరాడారు. నేటి దాత రేపు ఉంటాడో లేడో తెలియని రోజులవి. ‘వారేరీ’ అని బలి అడిగిన ప్రశ్న కోట శిథిలాల పక్కన బతికినవాడికి పుస్తకాల్లోని వేదాంతం కాదు.

పద్యాన్ని ఎదురు ప్రశ్నలు అడగండి

భక్తితో చదివేవారు ఈ మెట్టును దాటవేస్తుంటారు. దాటవేయకూడదు. గట్టి ప్రశ్నలకు నిలబడే పద్యం ఇది.

మొదటి ప్రశ్న. పోతన యముడి దెబ్బలకు భయపడి హరికిచ్చాడా? భయంతో చేసిన ఎంపికకు గొప్పతనం ఏముంది? పద్యంలో భయం ఉంది, దాచలేదు. ఉన్న వరుస చూడండి. ముందు దెబ్బలు పడకుండా, తర్వాత సమ్మతితో, చివర జగద్ధితంగా. భయంతో మొదలై, ఇష్టంగా మారి, అందరి మేలు దగ్గర ముగిసింది. మనుషులు నిజంగా నిర్ణయాలు తీసుకునే తీరు ఇంచుమించు ఇదే. మొదటి కదలిక చాలాసార్లు ఏదో ఒక భయం నుంచే వస్తుంది. అక్కడే ఆగిపోయామా, సమ్మతి దాకా వచ్చామా అన్నదే తేడా.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. హరి దగ్గర మాత్రం ప్రతిఫలం లేదా? ఇదే పీఠికలో, చంద్రగ్రహణం నాడు గంగలో స్నానం చేసి ధ్యానంలో ఉండగా రామభద్రుడు కనిపించి, తన పేర భాగవతం తెలుగు చేయమనీ, చేస్తే భవబంధాలు తెగుతాయనీ చెప్పాడని పోతన రాశాడు. ‘పలికెడిది భాగవతమఁట’ కందంలో కూడా ‘నేఁ బలికిన భవహర మగునఁట’ అన్నాడు. అంటే లాభం ఉంది. మరి ఇది కూడా ఒక బేరమేనా? నా సమాధానం ‘పుచ్చుకొని’ అన్న మాటలో ఉంది. రాజుల దారిలో ‘ఇచ్చి’ వెంట ‘పుచ్చుకొని’ వస్తుంది. హరి దారిలో ‘ఇచ్చి’ వెంట ‘చెప్పె’ వస్తుంది. ఇచ్చాక పుచ్చుకోవడానికి చేయి చాచలేదు, నోరు విప్పి కథ చెప్పాడు. ఆ చెప్పినది అందరిదీ అయింది. మీకు ఈ జవాబు చాలకపోతే మీ జవాబు మీరు వెతకండి, కానీ ప్రశ్నను మాత్రం వదలకండి.

మూడోది, జగద్ధితం అన్నది కవి గొప్పగా చెప్పుకున్న మాటేనా? దీనికి సాక్ష్యం పుస్తకం బయట ఉంది. ‘లావొక్కింతయు లేదు’ అన్న గజేంద్రుడి మొర అక్షరం రాని ముసలమ్మల నోట కూడా వినిపించింది ఈ జిల్లాల్లో.

మీ సొంత నిర్ణయం పక్కన పెట్టి చూడండి

ఇంటర్ అయ్యాక పిల్లలు ఏ కోర్సు పట్టాలో, ఉన్న ఉద్యోగం వదిలి హనుమకొండకు తిరిగి రావాలో వద్దో, ఊళ్లో భూమి ఉంచుకోవాలో అమ్మాలో తేల్చుకోలేని వారు ఈ పద్యం వాక్యాన్నే అచ్చుగా వాడి చూడవచ్చు. మీరు వద్దనుకుంటున్న దారిని ముందు రాయండి. దాన్ని ‘చేసి’, ‘పుచ్చుకొని’, ‘అలవాటుపడి’ అంటూ అసమాపక క్రియలతో చివరిదాకా సాగదీయండి. మధ్యలో ఆపకండి. వచ్చే లాభాలను నిజాయితీగా పేర్చండి. పోతన ఊళ్లనూ వాహనాలనూ దాచలేదు, మీరూ జీతాన్నీ ఇంటినీ దాచకండి. ఆ లాభం మీ మనసును ఏం చేస్తుందో ఒక్క క్రియలో రాయండి, ‘చొక్కి’ ఉన్న చోట. తర్వాత మీరు కోరుకుంటున్న దారి రాసి, ‘సమ్మతితో’ అన్న చోట అది ఎవరి సమ్మతో రాయండి. నాన్నదా, స్నేహితులదా, మీదా? చివర ‘జగద్ధితంబుగన్’ చోట మీరు తప్ప ఇంకెవరికి మేలో రాయండి. అక్కడ ఖాళీ మిగిలితే సిగ్గుపడాల్సింది లేదు. ఖాళీ ఉందని తెలియడమే ప్రయోజనం.

ఒక హెచ్చరిక. ఈ పద్యాన్ని ఇతరుల మీద విసరకండి. ఇల్లు గడవడానికి ఇష్టం లేని కొలువు చేస్తున్నవారిని ఇది తప్పు పట్టడం లేదు. పద్యం మాట్లాడుతున్నది సొమ్ము పుచ్చుకుని చొక్కినవారి గురించి, కూలి తీసుకుని పిల్లల్ని చదివిస్తున్నవారి గురించి కాదు.

రాసేటప్పుడు

తాత్పర్యం, వ్యాఖ్యానం వేరువేరుగా రాయండి. తాత్పర్యంలో మీ అభిప్రాయం ఒక్కటీ ఉండకూడదు. ఇలా ఉంటే చాలు: ‘భాగవతాన్ని అధములైన రాజులకు అంకితమిచ్చి, బదులుగా ఊళ్లూ వాహనాలూ కొంత సొమ్మూ పుచ్చుకొని, ఆ సుఖంలో మైమరచి, దేహం విడిచాక యముడి చేత సమ్మెట దెబ్బలు తినే గతి తెచ్చుకోకుండా, ఈ బమ్మెర పోతరాజనే ఒకడు దాన్ని ఇష్టపూర్వకంగా హరికిచ్చి లోకానికి మేలు కలిగేలా చెప్పాడు.’

వ్యాఖ్యానంలో మీరు చెప్పే ప్రతి మాటకూ పద్యంలో ఒక పదం ఆధారంగా చూపగలగాలి. ‘పోతన స్వాభిమాని’ అని రాస్తే ఏ పదం వల్ల అనిపించిందో కూడా రాయండి. చూపలేకపోతే ఆ వాక్యం కొట్టేయండి. పరీక్షలో అయినా సభలో అయినా ఇలా చెప్పిన నాలుగు మాటలకు ఉన్న బలం పొగడ్తల పేజీకి ఉండదు.

ఈ పద్ధతి చేతికి అలవాటయ్యాక అదే పీఠికలోని ‘చేతులారంగ శివునిఁ బూజింపఁడేని’ పద్యం తీసుకోండి. అక్కడ వరుసగా వచ్చే మూడు ‘ఏని’ల కింద గీతలు గీయండి. శివపూజ, హరికీర్తనలతో పాటు దయనూ సత్యాన్నీ మూడో షరతుగా కవి ఎందుకు పెట్టాడో రాయండి. దాన్ని మన పద్యం చివరి మాటతో కలిపి చూడండి.